కార్డు మీది పేరు

ఫ్లోరా టీచర్ చెవులు రెండూ ఒకే ఎత్తులో ఉంటాయని సుశీల్ కుమార్‌కు పదిహేనేళ్ళుగా తెలుసు. నెల్లూరు ట్రంకురోడ్డులో అతనిది కళ్ళద్దాల షాపు. ముఖానికి ఫ్రేము పెట్టినప్పుడు అది ఒక పక్కకు ఒరిగితే చెవి మీద ఆనే కాడను కాస్త వేడిచేసి వంచాలి. నూటికి తొంభై మందికి వంచాల్సిందే. ఫ్లోరా టీచర్‌కు మాత్రం ఎప్పుడూ ఆ అవసరం పడలేదు. ఈ సంగతి తనకు తెలియకుండా ఉంటే ఎంత బాగుండేదో అని తర్వాతి రోజుల్లో అతను చాలాసార్లు అనుకున్నాడు.

అతనికి పాత ఆటకార్డుల పిచ్చి. ఆరో తరగతిలో బబుల్‌గమ్ పాకెట్లలో వచ్చే క్రికెట్ కార్డులతో మొదలైంది. పెద్దయ్యాక పేరుమోసిన ఆటగాళ్ళ మీద మోజు తీరిపోయింది. వాళ్ళ గురించి అందరికీ అన్నీ తెలుసు, ఇక తాను కనిపెట్టేదేముంది? ఎవరికీ తెలియనివాళ్ళ కార్డులు దొరికితేనే అతనికి నిద్రపట్టేది కాదు.

నెల్లూరులో ఒకప్పుడు హంస పిప్పరమెంట్లని అమ్మేవాళ్ళు. 1979లో ఆ కంపెనీ పొట్లానికొకటి చొప్పున జిల్లా ఆటగాళ్ళ బొమ్మలు వేసి పంచింది. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద కార్డులు, మొత్తం ఇరవై నాలుగు. ముందు ఫొటో, వెనక పేరు, ఊరు, ఆట. రెండేళ్ళకు కంపెనీ మూతపడింది. కార్డులు పిల్లల జేబుల్లో నలిగి, బట్టలతోపాటు ఉతుకుళ్ళలో నాని, పొయ్యిల్లో కాలి మాయమైపోయాయి. సుశీల్ పన్నెండేళ్ళు తిరిగి ఇరవై ఒకటి సంపాదించాడు. కార్డు దొరికితే చాలదు, మనిషిని కూడా వెతికి పట్టుకునేవాడు. వెంకటాచలం హైవే పక్కన టీ బంకు నడిపే పెద్దాయన ఒకప్పటి కబడ్డీ కెప్టెనని లోకానికి చెప్పింది సుశీలే. ఆ రోజు పాత కార్డులు పోగుచేసేవాళ్ళ ఫేస్‌బుక్ గ్రూపులో నాలుగు వేల మంది మెచ్చుకున్నారు. పెద్దాయన మనవళ్ళు ఫోన్ చేసి ఏడ్చారు. అప్పటినుంచీ తాను చేస్తున్నది ఒక మంచి పని అన్న నమ్మకం అతనిలో గట్టిపడింది.

పోయిన డిసెంబరులో కావలి పాతకాగితాల అంగట్లో పదిహేడో నంబరు కార్డు దొరికింది. నెట్ దగ్గర గాలిలోకి లేచిన పిల్ల, కుడిచెయ్యి వెనక్కి లాగి బంతిని కొట్టబోతోంది. అలాంటి ఎగురుడు అతను ఏ కార్డులోనూ చూడలేదు. వెనక్కి తిప్పితే, ‘కె. ఫ్లోరా, అల్లూరు. వాలీబాల్. రాష్ట్ర పాఠశాలల పోటీల విజేత.’

సుశీల్ ఆ అంగట్లోనే నవ్వేశాడు. అల్లూరు ఫ్లోరా టీచర్! జనవరి నెలాఖరుకు రిటైర్ కాబోతున్న వ్యాయామ ఉపాధ్యాయురాలు. నాన్న ఉన్నప్పటి నుంచీ తమ షాపుకే వస్తుంది.

క్రిస్మస్ ముందు ఆమె చదువుకునే అద్దాల కోసం వచ్చినప్పుడు కార్డును బల్లమీద పెట్టాడు.

“టీచరమ్మా, ఇదెవురో చెప్పండి చూద్దాం.”

ఆమె అద్దాలు సర్దుకుని వంగింది. చాలాసేపు తలెత్తలేదు. 

“ఇది యాడ దొరికింది సుశీల్?”

“కావలిలో. మీరేనా?”

“నా పేరే కదా ఉండాది,” అంది ఆమె. అద్దాల సంగతి మరిచిపోయి, వస్తానని బయటికి నడిచింది.

ఆ మాటలోని తేడా అతనికి అప్పుడే తగిలింది. నేనే అనలేదు, నా పేరే అంది. భూతద్దం తీసి కార్డు మీద పెట్టాడు. ఫొటోలోని పిల్ల ఎడమ చెవి కుడిచెవి కంటే బాగా కిందికి ఉంది. ఇలాంటి ముఖానికి ఫ్రేము అమర్చాలంటే ఎడమ కాడను ఎంత వంచాలో కూడా అతను చెప్పగలడు. ఇది ఫ్లోరా టీచర్ ముఖం కాదు.

అక్కడితో ఊరుకుని ఉండవచ్చు. ఊరుకోలేదు. ఆదివారం గుడిలో పాస్టరు ప్రార్థన ముగించగానే అల్లూరు వెళ్ళి, అక్కడి బడిలో ముప్ఫై ఏళ్ళు అటెండరుగా చేసిన హజరత్తయ్య ఇల్లు కనుక్కున్నాడు. ఆటలప్పుడు గ్రౌండులో సున్నం గీతలు గీసింది ఆయనే. ముసలాయన కార్డును వెలుతురుకు పట్టి చూసి, బోసినోటితో నవ్వాడు.

“ఫ్లోరమ్మ కాదబ్బయా ఇది. నాగులు! పల్లెపాలెం నాగులు. పిలకాయలు ఆడతా ఉంటే చేపల గంప దించి తనూ దిగేది. మైపాడుకు ఇచ్చినారు ఆ పిల్లని.”

మూడోరోజు షాపు తమ్ముడికి అప్పగించి మైపాడు పోయాడు సుశీల్. నాగులమ్మ సముద్రం ఒడ్డున వల మీద నెత్తళ్ళ చేపలు ఎండబోస్తోంది. పొడుగు మనిషి. అరవై దాటినా నడుము వంగలేదు. ఆమె తల తిప్పగానే అతను చెవులు చూశాడు. ఎడమ చెవి అరంగుళం కిందికి ఉంది.

కార్డు చేతికిస్తే ఆమె తడిచేతులు కొంగుకు తుడుచుకుని పట్టుకుంది.

“ఓయమ్మో! ఇంత సన్నంగా ఉంటినా నేను?”

ఇసకలో కూలబడి, నవ్వుతూ నవ్వుతూ అంతా చెప్పింది. ఆమె ఎన్నడూ బడికి పోలేదు. అల్లూరు బడి జట్టుకు ఫ్లోరా కెప్టెన్. రాష్ట్ర పోటీలకు వారం ముందు ఫ్లోరాకు టైఫాయిడ్ వచ్చింది. డ్రిల్లు మాస్టరు తలపట్టుకున్నాడు. చివరికి చేపలమ్ముకునే నాగులుకు ఫ్లోరా యూనిఫారం తొడిగి, ఫ్లోరా పేరుతోనే గుంటూరు తీసుకుపోయాడు. జట్టు గెలిచింది. ఫొటో తీసినవాడికి మాస్టరు ఆ పేరే చెప్పాడు. సర్టిఫికెట్ మీదా అదే పేరు పడింది. ఆ సర్టిఫికెట్‌తోనే ఫ్లోరాకు వ్యాయామ శిక్షణలో సీటు వచ్చింది, తర్వాత ఉద్యోగం వచ్చింది.

“మీకు కడుపు మండలేదా పెద్దమ్మా?”

“నాకెందుకు మంట? నాకు కప్పులిస్తే యాడ పెట్టుకునేది, గంపలోనా?” అంది నాగులమ్మ. “నా కూతురు భానుప్రియ అయిదేండ్లు ఫ్లోరమ్మ ఇంట్లోనే ఉండి చదువుకునింది. ఇప్పుడు ఒంగోలులో నర్సు. నాకు జొరమొస్తే ఫ్లోరమ్మే వచ్చేసేది.” తర్వాత నవ్వు ఆపి అతని మోచెయ్యి పట్టుకుంది. “నాయనా, ఇది నీకు మాత్రమే చెప్పినా. ఎవురికీ చెప్పబాక. ఆయమ్మ గౌరవంగా బతుకుతా ఉండాది.”

“చెప్పను పెద్దమ్మా,” అన్నాడు సుశీల్.

అన్నప్పుడు నిజంగానే అన్నాడు. కానీ ఆ మాట అతనిలో ఎక్కువ రోజులు నిలవలేదు. అంత పెద్ద ఆటగత్తె నెత్తళ్ళు ఎండబోసుకుంటుంటే లోకానికి తెలియకపోవడం అన్యాయం కదా? ఆమె భయపడి వద్దంటోంది, అంతే. పేదవాళ్ళు అలాగే భయపడతారు. ఇలా తనకు తాను నచ్చజెప్పుకుంటూ మూడు నాలుగు వారాలు గడిపాడు. నిజమేమిటంటే, పన్నెండేళ్ళలో ఇంతటి సంగతి అతను కనిపెట్టలేదు. కనిపెట్టినవాడిని నేనే అని చెప్పుకోకుండా ఉండటం అతనివల్ల కాలేదు.

జనవరి ఇరవై ఆరున, షాపుకు సెలవైన మధ్యాహ్నం, పోస్టు రాశాడు. ‘నలభై అయిదేళ్ళ తర్వాత దొరికిన అసలు ఆటగత్తె’ అని పేరు పెట్టాడు. నాగులమ్మ ఫొటో పెట్టాడు. కార్డు ముందువైపు పెట్టాడు. వెనకవైపు ఫొటో తీసేటప్పుడు పేరు మీద బొటనవేలు అడ్డం పెట్టాడు. చూసుకున్నాడు. పేరు లేకపోతే కథలో పస లేదు. కార్డులు పోగుచేసేవాళ్ళు అసలే అనుమానప్పక్షులు, నమ్మరు. బొటనవేలు తీసేసి మళ్ళీ ఫొటో తీశాడు. ఆ తర్వాత ఎన్ని సాకులు వెతుక్కున్నా, ఆ ఒక్క క్షణానికి మాత్రం అతనికి సాకు దొరకలేదు. వేలు అడ్డం పెట్టాడంటే, అడ్డం పెట్టాలని తెలిసే ఉన్నట్టు కదా.

సాయంత్రానికి వెయ్యి లైకులు. మర్నాటికి ఎవరో నెల్లూరు యూట్యూబ్ చానలువాళ్ళు ఆ ఫొటోలు తీసుకుని, ‘దొంగ సర్టిఫికెట్ టీచరమ్మ’ అని ఎర్ర అక్షరాలు వేసి వదిలారు. సుశీల్ రాసిందాంట్లో దొంగ అన్న మాట లేదు. ఫ్లోరా టీచర్ మీద ఒక్క చెడ్డమాట కూడా లేదు. ఆ సంగతి అతను భార్య ఎలిశబెతుకు రెండుసార్లు చెప్పాడు. ఆమె కూరగాయలు తరుగుతున్న కత్తి ఆపలేదు.

“పెట్టేముందు ఆ ఇద్దరినీ అడిగినావా?”

“నాగులమ్మనే కలిసినా కదా.”

“కలిసినావు. అడిగినావా?”

అతను లేచి పోస్టు తీసేశాడు. అప్పటికే అది వందల ఫోన్లలోకి పోయింది.

ముప్ఫై ఒకటిన అల్లూరు బడిలో జరగాల్సిన వీడ్కోలు సభను హెడ్మాస్టరు వాయిదా వేశాడు. ఎవరో పై ఆఫీసుకు ఫిర్యాదు పంపారట. ఇరవై ఏళ్ళుగా ఫ్లోరా చూసుకుంటున్న సండే స్కూలును ఆ వారం ఇంకొకరు నడిపారు. ఈ మాటలు ఒక్కొక్కటీ షాపుకొచ్చేవాళ్ళ నోటినుంచే వినాల్సి వచ్చింది అతనికి. వాళ్ళ ముక్కు మీద ఫ్రేము సర్దుతూ, వాళ్ళు చెప్పేదంతా వింటూ, ఆ పోస్టు పెట్టింది తానేనని వాళ్ళకు తెలుసో లేదో తెలియక, తలెత్తి వాళ్ళ కళ్ళలోకి చూసేవాడు కాదు. నాలుగు రోజులు ఇలాగే గడిచాయి. అయిదో రోజు బండి తీసి మైపాడు పోయాడు.

నాగులమ్మ గుడిసె ముందు నిలబడి ఉంది. అతన్ని చూసి కూర్చోమనలేదు.

“ఏం చెప్పినావు నాకు ఆ పొద్దు? ఇసకలో కూసోని ఏం చెప్పినావు?”

“తప్పయిపోయింది పెద్దమ్మా.”

“నీకు తప్పు. ఆయమ్మకు పరువు. నా పేరు పైకి తెచ్చినావంట, జనాలు చెప్తా ఉండారు. నేనడిగినానా నిన్ను, నా పేరు తెమ్మని?” ఆమె ఒక అడుగు ముందుకేసింది. “ఆయమ్మ ఏమనుకుంటా ఉంటాది? నాగులు చెప్పుకునింది, ఇన్నాళ్ళకు ఏడ్చుకునింది అనుకోదా?”

అది అతనికి తట్టనే లేదు. తాను ఫ్లోరా టీచర్‌కు చేసిన చేటు గురించే ఇన్నాళ్ళూ కుమిలాడు. ఈమెను స్నేహితురాలి దగ్గర మాట తప్పినదాన్ని చేశానని ఇప్పుడే తెలిసింది. 

“నన్ను అల్లూరు తీసుకపో,” అంది నాగులమ్మ. “ఫోను చేస్తే ఎత్తడంలా.”

మైపాడు నుంచి నెల్లూరు వచ్చి, పెన్న దాటి, కోవూరు మీదుగా అల్లూరు చేరేసరికి మధ్యాహ్నమైంది.  ఫ్లోరా టీచర్ ఇంటి తలుపు దగ్గరికి వేసి ఉంది. నాగులమ్మ తట్టకుండానే తోసుకుని లోపలికి పోయింది. సుశీల్ వరండాలోనే ఆగాడు.

 లోపలినుంచి నాగులమ్మ ఏడుపు. ఆ వెనకే ఫ్లోరా టీచర్ మాట, పిల్లల్ని ఊరుకోబెట్టే గొంతుతో, “నాకు తెలుసు నాగులూ. నీమీద నాకేం కోపం లేదు. మనుషులకు మొకం చూపలేక ఫోను పక్కన పడేసినా. నోరు ముయ్యి ఇంక.”

కాసేపటికి ఆమె బయటికి తొంగిచూసింది.

“సుశీల్, ఆడ నిలబడబాక. లోపలికి రా.”

ఆమె తిట్టి ఉంటే తేలికగా ఉండేది. కుర్చీ చూపించి మంచినీళ్ళు ఇచ్చింది. అతను గ్లాసు పట్టుకుని, దారంతా కూడబలుక్కున్న మాటలు మొదలుపెట్టాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది.

“నువ్వు రాసిందాంట్లో అబద్ధం లేదు. అబద్ధం నాది. దాన్ని నీమీద నెట్టను.” అంటూనే బీరువా దగ్గరికి వెళ్ళి ఒక కాగితం తెచ్చింది. “నాగులుకు చదవడం రాదు. నువ్వు చదువు, పైకి.”

అది వీడ్కోలు సభ ఆహ్వానం. అచ్చుకు ముందు సరిచూసుకునే ప్రతి. సుశీల్ చదవడం మొదలుపెట్టాడు. తేదీ, వేళ, అధ్యక్షుడి పేరు. కింద, ‘ముఖ్య అతిథి: శ్రీమతి నాగులమ్మ గారు, మైపాడు. 1979 రాష్ట్ర పాఠశాలల వాలీబాల్…’

 అక్కడ ఆగి, ఆ వరుసను మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. ‘వాలీబాల్ విజేత’ అన్న మాట పూర్తిగా బయటికి రాలేదు.

“ఏంది? ఏముండాది దాంట్లో?” అని నాగులమ్మ ఇద్దరి ముఖాలూ చూసింది.

“నిన్ను స్టేజీ ఎక్కించాలనుకున్నానే,” అంది ఫ్లోరా టీచర్. “నీకు ముందే చెప్తే రావని చెప్పలా. మైకు ముందర నిలబడి, ఆడింది నేను కాదు, ఈ మనిషి, అని చెప్పి దిగిపోదామనుకున్నా. కార్డు చూసినప్పటి నుంచి అదే ఆలోచన. నా పిలకాయల ముందర, నా నోటితో చెప్పాల.” ఆమె సుశీల్ వైపు తిరిగింది. “నలభై అయిదేండ్లు చెప్పలేకపోయినా. చివరికి ఒక రోజు పెట్టుకున్నా. ఆ రోజును నువ్వు ఎత్తుకపోయినావు సుశీల్. నాకుండే బాధ అదొక్కటే.”

అతను గ్లాసు కింద పెట్టాడు.  ఇంకో అయిదు రోజులు ఆగి ఉంటే చాలు, ఆ సంగతి తనంత తానే, తగిన మనిషి నోటి నుంచి బయటపడేది. జేబులోంచి కార్డు తీసి ఇవ్వబోతే ఇద్దరిలో ఎవరూ చెయ్యి చాపలేదు. బల్ల మీద పెట్టి వచ్చేశాడు.

ఫ్లోరా టీచర్ తనే ఆఫీసుకు జరిగిందంతా రాసి పంపింది. విచారణకు ఒకాయన వచ్చాడు. సుశీల్‌ను కూడా పిలిచారు. బయల్దేరే ముందు ఆమెకు ఫోన్ చేసి, “నేనేం చెప్పమంటారు టీచరమ్మా? ముఖం గుర్తుపట్టలేనని చెప్పేదా?” అని అడిగాడు. “ఇప్పటికి అబద్ధాలు చాలు,” అని ఆమె పెట్టేసింది. అతను నిజమే చెప్పాడు. డ్రిల్లు మాస్టరు ఎప్పుడో చనిపోయాడు. జూలైలో ఉత్తర్వు వచ్చింది. ఆ సర్టిఫికెట్ చెల్లదు, అయితే ముప్ఫై ఎనిమిదేళ్ళ మచ్చలేని సర్వీసును చూసి పై చర్యలు వదిలేస్తున్నాం అని. ఊపిరి పీల్చుకున్నారు అందరూ. వీడ్కోలు సభ మాట మాత్రం మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఉత్తర్వు వచ్చిన తర్వాతి ఆదివారం ఫ్లోరా టీచర్ అల్లూరు గుడిలో సాక్ష్యం చెప్పబోతోందని ఎలిశబెతుకు తెలిసింది. భార్యాభర్తలిద్దరూ వెళ్ళి చివరి బెంచీలో కూర్చున్నారు. నాగులమ్మ వచ్చి ఉంది. ఆమెకు గుడి అలవాటు లేదు. ఆడవాళ్ళ వైపు చాప మీద, కొంగు నిండా కప్పుకుని, బిక్కుబిక్కుమంటూ కూర్చుంది.

ఫ్లోరా టీచర్ ముందుకొచ్చి మాట్లాడింది. టైఫాయిడ్ దగ్గర మొదలుపెట్టి ఏదీ వదలకుండా చెప్పింది. మాస్టరు చెప్పినప్పుడు తాను వద్దనలేదనీ, జ్వరం తగ్గాక సర్టిఫికెట్ చేతికొస్తే రెండు చేతులా అందుకున్నాననీ చెప్పింది. ఎలా బయటపడిందో చెప్పేటప్పుడు, “తర్వాత అందరికీ తెలిసింది,” అని మాత్రం అంది. సుశీల్ పేరు ఎత్తలేదు.

పేరు చెప్పి ఉంటే కూర్చునే ఉండేవాడేమో. చెప్పకపోయేసరికి బెంచీ కింద నిప్పులు పోసినట్టయింది. ఆమె కూర్చోగానే లేచి నిలబడ్డాడు. ఎలిశబెతు అతని చొక్కా పట్టుకోబోయి, వదిలేసింది. గుడి అంతా వెనక్కి తిరిగింది.

“ఆ పోస్టు పెట్టింది నేను,” అన్నాడు. “చెప్పబాక అంటే, చెప్పనని మాటిచ్చి పెట్టినాను. ఎవురినీ అడగలేదు.”

  కూర్చున్నాడు. పాస్టరు గారు పాట నంబరు చెప్పారు. అందరూ పుస్తకాలు తెరిచారు.

గుడి వదిలాక ఎవరూ అతని దగ్గరికి రాలేదు. ఫ్లోరా టీచర్ మెట్లు దిగుతూ ఒకసారి చూసింది. పలకరించలేదు, ముఖం తిప్పుకోనూ లేదు. పిల్లలు చుట్టూ చేరితే వాళ్ళతో మాట్లాడుతూ వెళ్ళిపోయింది. ఎలిశబెతు కోవూరులో అక్క ఇంటికి పోతానని ఆటో ఎక్కింది. సుశీల్ బండి తీస్తుంటే నాగులమ్మ వచ్చి, అడగకుండా వెనక సీటు మీద కూర్చుంది.

“మైపాట్లో దించి పో.”

 నెల్లూరు దాటి మైపాడు రోడ్డెక్కాక, వరి మళ్ళ మీదుగా గాలి తగులుతుంటే, ఆమె వెనకనుంచి ఉన్నట్టుండి మొదలుపెట్టింది.

“గుంటూరులో ఆఖరాట. స్కోరు పద్నాలుగూ పద్నాలుగు. ఆ పొద్దు నా కాళ్ళకు బూట్లు లేవు, ఫ్లోరమ్మవి నాకు పట్టలా. సిమెంటు గ్రౌండు, నిప్పులు. ఆ పక్క పిల్ల నాకన్నా పొడుగు. అట్టా కొడితే అడ్డం పెట్టేస్తాది. నేనేం చేసినానో తెల్సా?”

“ఏం చేసినారు పెద్దమ్మా?”

“గట్టిగా కొట్టేదానిలాగా ఎగిరినా. ఆ పిల్లా ఎగిరింది. నేను కొట్టలా. ఇట్టా…” అంటూ ఆమె అతని తల పక్కనుంచి చెయ్యి చాపి, వేళ్ళతో గాలిని మెల్లగా తోసింది. బండి తొట్రుపడింది. “వల మీదినుంచి మీను జారినట్టు జారవిడిచినా. ఆ పిల్ల కాళ్ళ కాడ పడింది. ఎవురికీ దిక్కు తెలీలా!”

ఆమె బిగ్గరగా నవ్వింది. సుశీల్ బండి వేగం తగ్గించాడు. సముద్రం దాకా ఆమె చెబుతూనే ఉంది. తిరిగొచ్చేటప్పుడు బోగీలో ఎవరు ఏం పాట పాడారో, మాస్టరు అందరికీ ఏం తినిపించాడో, ఇంటికొచ్చాక గంప ఎత్తుకోవడం ఆలస్యమైందని అమ్మ ఎంత తిట్టిందో. అతను విన్నాడు. మధ్యలో ఒకటి రెండు ప్రశ్నలు నోటిదాకా వచ్చినా, అడగలేదు.

ఆమెను దించి ఇంటికొచ్చాక అవన్నీ అతని బుర్రలో గిర్రున తిరుగుతూనే ఉన్నాయి, ఒక్కటీ మరుపు రాలేదు. ఇంతవరకూ ఆ సంగతులు అతను ఎక్కడా రాయలేదు.